హీరో వేసుకున్న గొంగడి

మేం పనిచేసిన సినిమా గురించి ఎవరో ఇంటర్నెట్‌లో 'మీకు తెలియని విశేషాలు' అని రాశారు. అందులో డిటెక్టివ్ వేసుకున్న నల్లకోటు విదేశాల నుంచి తెప్పించిందట. నీళ్లు నిలవకుండా దానికి ఏదో రసాయనం పూశారట. చదివిన దగ్గర్నుంచి నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. కింద జవాబు రాయడం, చెరిపేయడం, మళ్లీ రాయడం. ఈ గొడవలో పొయ్యి మీద పప్పు కూడా మాడిపోయింది.

అది కోటు కాదు, మా బాపు గొంగడి.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నేను ఆ యూనిట్‌లో కాస్ట్యూమ్స్ సహాయకురాలిగా చేరాను. కథ రాబోయే కాలంలో, ఎప్పుడూ వాన కురిసే ఒక చీకటి నగరంలో జరుగుతుంది. ఆ నగరాన్ని నల్లగొండ దగ్గర మూతపడ్డ ఒక రైస్‌మిల్లులో కట్టాం. కిటికీలకు నల్ల టార్పాలిన్లు బిగించి పట్టపగలే రాత్రి సీన్లు తీసేవాళ్లం. గాలిలో ఎగిరే కారేమో పాత వరికోత మిషన్ క్యాబిన్. వానేమో ట్యాంకర్ నీళ్లు. లోపల ఉక్కకు అందరికీ తిక్క రేగి, ఎవరు ఎవరి మీద అరుస్తున్నారో తెలిసేది కాదు.

డిటెక్టివ్‌గా వేసే హీరో కోసం ముందు నిజంగానే ఒక కోటు కుట్టించారు, అది మొదటి రోజే పరువు తీసింది. ట్యాంకర్ నీళ్లు పడగానే ఒంటికి అతుక్కుపోయి, హీరో తడిసిన కోడిలా తయారయ్యాడు. డైరెక్టర్ తల పట్టుకున్నాడు. మా బాపు గొంగడి మీద చుక్క నీరు నిలవదని నేనే నోరు ఊరుకోక అన్నాను.

మాది మహబూబ్‌నగర్ వైపు మెట్ట ఊరు. బాపు గొర్రెలు కాస్తాడు. ఆ గొంగడి మా తాత మందలోని నల్లగొర్రెల ఉన్నితో నేసింది. ఇప్పుడు మా మందలో ఉన్నవన్నీ మాంసానికి పెంచే ఎర్ర గొర్రెలు, వాటికి ఉన్నే ఉండదు. అది పోతే అలాంటిది మళ్లీ దొరకదు.

ఊరికెళ్లి అడిగితే, "సినిమల గొంగడితోని ఏం పని?" అని బాపు నవ్వాడు. తర్వాత, "కత్తెర పెట్టనియ్యకు బిడ్డా. మంద హాలియా దిక్కు పోయే నాటికి నా చేతుల ఉండాలె" అన్నాడు. ఏటా కోతలైన పొలాల్లో మేపడానికి మందను అటు తోలుకెళ్తాడు. ఆరుబయట నెలల తరబడి ఎండకూ మంచుకూ వానకూ ఆయనకు ఆ గొంగడే దిక్కు.

టైలర్ కత్తెర పెట్టకుండా మడతలు పెట్టి కాలర్ కుట్టాడు. లైట్ల వెలుగులో నీటిబొట్లు దాని మీద మెరుస్తూ జారిపోతుంటే కెమెరామెన్ చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం కూర్చుంటే నిలబడాలనిపించేది. హీరో దాన్ని విప్పి ఎక్కడ పడేస్తే అక్కడికి పరుగెత్తేదాన్ని. "గొర్రె వాసన" అని అతను రోజూ దాని మీద సెంటు కొట్టించేవాడు. ముక్కు మూసుకో నాయనా అని లోలోపల తిట్టుకున్నాను. షూటింగ్ సాగుతూనే ఉంది. "మంద కదులుతాంది, గొంగడేది?" అని అమ్మ రోజూ ఫోన్. బాపు ఒక్కసారీ అడగలేదు.

చివరికి గొంగడి సీన్లు అయిపోయాయి. మంద బయలుదేరే ముందురోజు మా కాస్ట్యూమ్ డిజైనర్ మేడం దాన్ని కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. "మీ నాన్నగారిది కదా, అలా మురికిగా ఎలా ఇస్తాం? కుట్లు విప్పించి, వేడినీళ్లలో మంచి సబ్బుతో ఉతికించాను" అంది.

విప్పి చూస్తే తువ్వాలులా మెత్తగా ఉంది, పూల వాసన వేస్తోంది. గొంగడిని సబ్బుతో ఉతకరు. ఉన్నిలోని జిడ్డే వానను ఆపుతుంది, నేసినప్పుడు పట్టించిన చింతగింజల గంజి దాన్ని బిరుసుగా నిలబెడుతుంది. రెండూ పోయాయి. ఆమె ఎంతో గౌరవంగా చేసిన పని. కవరు సంకలో పెట్టుకుని ఊరి బస్సెక్కాను. బస్సులో మనసు ఆగక ఒక కొస మీద సీసాలోని నీళ్లు పోసి చూశాను. నేరుగా లోపలికి ఇంకి నా చీర తడిసింది.

బాపు దాన్ని వాసన చూశాడు, వేళ్ల మధ్య నలిపి చూశాడు. మా కుక్క కూడా మూతి పెట్టి చూసి పక్కకు పోయింది.

"మంచిగ ఉతికిండ్రు" అని మడిచి భుజాన వేసుకున్నాడు.

"ఎందుకన్నా మంచిది, ఒక టార్పాలిన్ గూడ పెట్టుకో బాపు" అన్నాను.

"గిదుండంగ గదెందుకు?"

తర్వాత కొన్నాళ్లకు హైదరాబాదులో ఎడిటింగ్ గదిలో వాన సీన్ చూపించారు. హీరో భుజాల మీంచి నీళ్లు ముత్యాల్లా దొర్లిపోతుంటే అందరూ ఆహా అన్నారు. బయటికొచ్చి చూస్తే నిజంగానే అకాల వాన. హాలియా వైపు కుండపోత అని ఎవరో అన్నారు. ఉండబట్టలేక బాపుకు ఫోన్ చేశాను.

"తడుస్తున్నవా బాపు?"

"నాకేమైతది బిడ్డా? గొంగడి కప్పుకున్న గద. ఒక్క సుక్క లోపలికి వస్తలేదు."

ఆ మాటల మధ్య ఆయన పళ్లు టకటక కొట్టుకోవడం నాకు వినబడుతూనే ఉంది. "మంచిది బాపు" అన్నాను.