ఆక్సిజన్ మిషన్‌కి శాటిన్ గలేబు

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను తెనాలి ఆఫీసుకి సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. మాది ఇళ్లకి వైద్య పరికరాలు అందించే ఏజెన్సీ. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకి ప్రభుత్వ పథకం కింద ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టేవాళ్లం. అది సిలిండర్ కాదు. గదిలో గాలినే లోపలికి లాగి, నత్రజనిని వడగట్టి, ఆక్సిజన్‌ని చిక్కగా చేసి ట్యూబులోంచి పంపే మిషన్. తెనాలి నుంచి రేపల్లె, బాపట్ల దాకా నా పరిధి. నెలకోసారి ప్రతి ఇంటికీ వెళ్లి ఫిల్టరు కడగాలి, ఎనలైజర్ పెట్టి ఆక్సిజన్ ఎంత చిక్కగా వస్తోందో చూడాలి. ఆ పనిలో నాకు వంక పెట్టినవాడు లేడు. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకున్నా సరే.

నేను చేరిన కొన్నాళ్లకే పథకం రేట్లు కోసేశారు. మిషన్ అద్దె తగ్గించారు, ఇంటి తనిఖీకి ఇచ్చేది మొత్తానికే ఎత్తేశారు. మిషన్ తిరుగుతుంటే మనిషి వెళ్లడమెందుకని వాళ్ల వాదన. ఇకనుంచి ఫోన్ చేసి కనుక్కుంటే చాలని మా మేనేజరు చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్లో ఫిల్టరు కడుగుతారా ఎవరైనా!

సరే, ఫోన్లే చేశాను. రేపల్లెలో మస్తాన్‌గారని ఒక టైలరు మా పేషెంటు. ఆయన భార్య కరీమున్నీసా ఫోన్ ఎత్తి, మిషన్ బ్రహ్మాండంగా తిరుగుతుందండి అన్నయ్యగారూ, అంది. ఫోన్ ఆయనకివ్వమన్నాను. మామూలుగా ఆయన మాట మొదలెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. అలాంటి మనిషి ఆ రోజు "బానే ఉంది సార్" అనడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బండి తీసి అమృతలూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్లాను. మేనేజరుకి చెప్పలేదు. చెబితే వద్దంటాడు.

మస్తాన్‌గారు మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు, పెదాలు నీలంగా. పక్కనే మిషన్ ఉండాలి. దాని బదులు ఆకుపచ్చ శాటిన్ గలేబు కనపడింది, చుట్టూ లేసు కుచ్చులతో పెళ్లికూతురిలా. లోపల మిషన్ గుయ్యిమంటోంది.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"నేనే కుట్టాను సార్. సర్కారు వస్తువు కదా, దుమ్ము పడకూడదని."

మన ఇళ్లలో టీవీకి, ఫ్రిజ్‌కి, ఆఖరికి మిక్సీకి కూడా గుడ్డ కప్పనిదే తోచదు. ఈయన టైలరాయె, ఒట్టి గుడ్డ కప్పి ఊరుకుంటాడా? లోపల రెగ్జిన్ లైనింగ్ వేశాడు. ట్యూబుకి కాజా కుట్టాడు. దీపాల మీదకి ఒక మడత పెట్టి గుండీ కూడా పెట్టాడు. గాలి లాగే చోటు మూసుకుపోయింది, ఆక్సిజన్ పలచబడిందని చెప్పే పసుపు దీపం ఆ మడత కింద వెలుగుతూనే ఉంది. ఎనలైజర్ పెట్టి చూస్తే ఆయనకి అందుతున్నది మామూలు గాలి కంటే కొంచెం నయం, అంతే.

గలేబు లాగేసి, ఫిల్టరు కడిగి, మిషన్‌ని గోడకి ఎడంగా జరిపాను. దీపం ఆకుపచ్చకి మారేదాకా కదల్లేదు. కాసేపటికి పెదాలకి రంగొచ్చింది. డాక్టరుకి కూడా చూపించాం. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని కరీమున్నీసాని అడిగితే కొంగు అడ్డుపెట్టుకుని ఏడ్చింది. ఆయాసం తగ్గట్లేదంటే మిషన్ పనికిరాలేదని పట్టుకుపోతారేమోనని భయపడ్డారట. ఆ గలేబు నాకు కొన్నాళ్లు ఇమ్మన్నాను. మస్తాన్‌గారు అయోమయంగా చూశాడు గానీ ఇచ్చాడు.

ఆ నెలలోనే బాపట్లలో పథకం సమీక్ష జరిగింది. మా మేనేజరు వద్దని బతిమాలుతున్నా వినకుండా అలాంటిదే ఇంకో మిషన్ తీసుకెళ్లి, గలేబు తొడిగి, ఆన్ చేసి అధికారుల ముందు పెట్టాను. పని చేస్తోందా సార్ అని అడిగాను. చక్కగా తిరుగుతోందిగా, దీనికి ఇంటికెళ్లి చూడాల్సిందేముంది అన్నాడు పెద్దాయన. చర్చ సాగనిచ్చి, తర్వాత లేచి గుండీ విప్పాను. పసుపు దీపం. ఎనలైజర్ ఆయన చేతికే ఇచ్చి అంకె చదవమన్నాను. చదివి, ఇది ఎవరింట్లో జరిగిందని అడిగాడు. మొత్తం చెప్పాను.

తగ్గించిన అద్దె మళ్లీ పెరగలేదు. ఇంటి తనిఖీని మాత్రం తప్పనిసరి చేసి, దానికి విడిగా చెల్లింపు పెట్టారు. ఆ మాట విన్నప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో నాకే తెలుసు.

గలేబు తిరిగిస్తే మస్తాన్‌గారు తీసుకోలేదు. ఆ శాటిన్‌తోనే నా ఎనలైజర్‌కి సంచి కుట్టిపెట్టాడు, ఊపిరాడకుండా మాట్లాడుతూ. ఊపిరాడక కాదు, నాకు ఊపిరాడనివ్వకుండా.

పరికరాన్ని ఇంటికి చేర్చడం సగం పనే. అది ఏ మూలన ఉందో, దాని మీద ఏం కప్పారో మనిషి వెళ్లి చూస్తేనే మిగతా సగం పూర్తవుతుంది. రిటైరైన రోజు ఎనలైజర్‌ని ఆఫీసులో అప్పగించి సంతకం పెట్టాను. సంచి మాత్రం ఇవ్వలేదు.