వాచిన కాలు, తోడికోడలి నోరు

మా మరిది భార్యకు ఒక సంగతి తెలిస్తే మా పేట కౌల్ బజార్ అంతటికీ తెలిసినట్టే. అందుకే నా ఎడమ కాలు వాచిందని ఆమెకు తెలియనివ్వలేదు. పొద్దస్తమానం జీన్స్ కుట్టే మిషన్ ముందు కూర్చునేదాన్ని, కాలు వాయక ఏం చేస్తుందిలే అని నాకు నేనే డాక్టర్నయి, చీర కాస్త కిందికి దించి కట్టుకుని తిరిగాను. పిక్క నొప్పి పెడుతున్నా పంటి బిగువున ఓర్చుకున్నాను.

శుభ శుక్రవారానికి ముందురోజు సాయంత్రం మా చర్చిలో, యేసు తన శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా, ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు. ఆడవాళ్ళకు ఆడవాళ్ళు, మగవాళ్ళకు మగవాళ్ళు. ఈ ఏడు ఎలాగో తప్పించుకుందామని మూలన కూర్చున్నాను. చెంబూ తువ్వాలూ పట్టుకుని నేరుగా నా తోడికోడలే వచ్చి ముందు కూర్చుంది. కుడికాలు చాపాను.

"ఆ కాలు గూడా ఇయ్యక్కా" అంది.

అందరూ తలలు వంచుకుని ప్రార్థనలో ఉన్నారు. ఆమె నా పిక్క మీద చెయ్యి పెట్టి ఒక్క కేక వేసింది.

"ఏందక్కా ఇది? కాలు కాలిపోతాండాది! ఈ కాలికీ ఆ కాలికీ పొంతనే లేదే! ఎవురన్నా బేగ ఆటో పిలవండప్పా!"

"నోరు మూసుకో, ప్రార్థన జరుగుతాండాది" అన్నాను పళ్ళు కొరుకుతూ. సిగ్గుతో చచ్చిపోయాను. పాస్టరయ్యగారు ప్రార్థన ఆపేశారు. తడికాళ్ళతోనే నన్ను ఆటో ఎక్కించారు.

ఆసుపత్రిలో కాలికి స్కాన్ తీశారు. గుండెకో, కిడ్నీకో, లివర్‌కో జబ్బు చేసినా, కొన్ని బి.పి. మాత్రలు పడకపోయినా కాళ్ళు వాస్తాయట. అప్పుడు ఎక్కువగా రెండూ వాస్తాయని డాక్టరమ్మ చెప్పింది. ఒక్క కాలే వాచి, వేడెక్కి, నొప్పి పెడుతుంటే మాత్రం నరంలో రక్తం గడ్డకట్టిందేమో వెంటనే చూపించుకోవాలట. నాకు ఆ గడ్డే ఉంది. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే ప్రాణానికే ముప్పు అంది. అక్కడికక్కడే రక్తం గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టారు.

మర్నాటికి సగం చర్చి నా మంచం చుట్టూ ఉంది. ఎవరు చెప్పారని నేను అడగలేదు. కోపం రాలేదు సరికదా, ఒక్కొక్క ముఖం చూస్తుంటే కళ్ళు నిండాయి. బతికుండి ఇన్ని పలకరింపులు అందుకోవడం ఎంత భాగ్యమో అనిపించింది.

అందరూ వెళ్ళాక తోడికోడలితో, "నీ నోరే నన్ను కాపాడింది తల్లీ, నువ్వు చల్లగుండాల" అన్నాను. ఎప్పటిలా పకపకా నవ్వుతుందనుకున్నాను. ఆమె తల వంచుకుని నా దుప్పటి సర్దింది.

"మా అమ్మకు గూడా ఇట్లే ఒక కాలే వాచినాదక్కా. ఎవురికీ చెప్పొద్దు అనింది. నేను చెప్పలేదు" అంది.

చెయ్యి పట్టి లాగి ఆమెను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.