తొక్కని హార్మోనియం

మొన్న వై.ఎన్.హొసకోటలో బెల్లం బేరం చేస్తుంటే, దూరపు చుట్టం ఒకామె సెల్‌ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. అందులో మా అన్న. మా ఊరి జాతరలో, కాళ్లతో తొక్కే పెద్ద హార్మోనియం ముందు కూర్చుని వాయిస్తున్నాడు. “ఈ వయసులో మీ అన్న చేతి యేళ్లు ఎట్లాడిస్తాండాడు చూడమ్మా! మా ఇంట్లో అందరం మళ్లీ మళ్లీ చూసినాం” అంది. నేను తక్కెడ మీదినుంచి చూపు తిప్పకుండానే ఊఁ అన్నాను. ఆ ఫోనులో వినపడే వాయిద్యం మా అన్నది కాదు. అంగడి ముందు నిలబడి చెప్పుకునే సంగతి కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

మా అన్న డ్రామా మేష్టరు. అదేం పనో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. వేరుశనక్కాయ పీకి, కాయలు ఇంటికి చేరాక, ఏదో ఒక ఊళ్లో నలుగురు రైతులకు వేషాలు కట్టాలని బుద్ధి పుట్టేది. బండి కట్టుకుని వచ్చి అన్నను, హార్మోనియాన్ని తీసుకుపోయేవాళ్లు. నెలల తరబడి ఆ ఊళ్లోనే మకాం. మడక పట్టి దున్నే మనుషుల చేత పద్యాలు పాడించేవాడు. తిండి వంతుల ప్రకారం: ఈ రోజు రాజు వేషం వాళ్లింట్లో, రేపు మంత్రి వేషం వాళ్లింట్లో. నిడుగల్లు కొండ కింది ఊళ్ల నుంచి అరసికెరె దాకా ఆయన చెయ్యి కడగని ఇల్లు లేదు, తన ఇల్లు తప్ప. సేద్యమంతా మా వదినదే. వాన పడ్డ రోజు విత్తనానికి గొర్రు తోలేవాళ్ల కోసం ఆమె ఇంటింటికీ తిరగాలి. ఒకసారి నాతో, “మీ అన్న అందరిండ్లల్లో వంతు తింటాడు గదా, నా వంతు ఎప్పుడొస్తాదో అడిగి చెప్పు” అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆ వంతు రాకముందే ఆమె పోయింది.

నేను బడికి పోయింది కొన్నాళ్లే. సంగీతం అసలే తెలియదు. కానీ ముందు వరసలో కూర్చున్నదాన్ని గనక ఒకటి కనిపెట్టాను. పద్యం చివర రాగం తీసేటప్పుడు ఈ రాజులకు ఊపిరి చాలేది కాదు. గొంతు తెగిపోయే చోట మా అన్న హార్మోనియంతో అందుకుని, ఆ రాగాన్ని అట్లే సాగదీసి, మెల్లగా తెచ్చి దింపేవాడు. రాజు ఊరికే నోరు తెరుచుకుని చెయ్యెత్తి నిలబడేవాడు. ఈలలు, వన్స్ మోర్‌లు కిరీటానికి. ‘నీకెందుకన్నా ఈ చాకిరి’ అంటే, “ఊపిరి యెవునిదైతే ఏందే? పద్యం నిలబడిందా, లేదా?” అనేవాడు.

టీవీలు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గారు. హార్మోనియం అటక మీద గోనెసంచుల కిందికి పోయింది. తర్వాత చేలన్నీ సోలారుకు గుత్తకిచ్చాం. శనక్కాయ పండిన చోట అద్దాలు పండుతున్నాయి. మగవాళ్లకు పని లేదు, తీరిక మాత్రం తెగ ఉంది. పోయిన జాతరకు ముందు మా పెద్దకొడుకు, వాడి జతగాళ్లు డ్రామా కడతామన్నారు. అన్న హార్మోనియం దించి హిందూపురం తీసుకుపోయి తిత్తికి కొత్త తోలు వేయించుకొచ్చాడు. “ఒక్క డ్రామా వాయిస్తే చాలే, ఆమీట దీన్ని యెవరికన్నా ఇచ్చేస్తా” అన్నాడు. ఆయన నోటినుంచి ఒక కోరిక వినడం నాకు అదే మొదలు.

నేర్చుకునేవాళ్లలో ఒకడికి సోలారు గేటు దగ్గర కాపలా, ఇంకొకడికి ఫోను. అన్న ఒక్కడే రోజూ వచ్చి కూర్చునేవాడు. జాతర వారం ఉందనగా మా వాడు ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

“మామా, మా గొంతులు నీకు తెలుసు గదా. పద్యాలన్నీ పెన్‌డ్రైవులో ఎక్కిచ్చుకొచ్చినాం. మేము నోర్లాడిస్తాం.”

“మరి నేను?”

“నీవు లేకుంటే డ్రామా యాడిది మామా! ముందర కూర్చోని యేళ్లాడించు. కాళ్లు మాత్రం తొక్కొద్దు. రెండూ కలిస్తే మైకులో గోలగోలైతాది.”

“ఏరా, చేన్లో బెదురుబొమ్మను పెట్టినట్ల మీ మామను పెడతాండావా?” అన్నాను.

“నీకు తెలీదు, ఊరుకోమా. ఇప్పుడంతా ఇట్లే.”

అన్న మా ఇద్దరినీ చూశాడు. “పంచె కట్టుకోనా, ప్యాంటు ఏసుకోనా?” అన్నాడు.

జాతరనాడు కొత్త పంచె కట్టుకుని కూర్చున్నాడు. కాళ్లు రెండూ తొక్కుడు పలకలకు ఇవతల, నేల మీద; తొక్కితే గదా తిత్తిలోకి గాలి పోయి పలికేది. పైన వేళ్లు పరుగెత్తుతూనే ఉన్నాయి. రాజు వేషం మా వాడిదే. ఒకచోట వాడు నోరు తెరవడం మరిచిపోయినా పద్యం దానంతటది సాగిపోయింది. జనం పడీపడీ నవ్వి చప్పట్లు కొట్టారు. అన్న హార్మోనియం మెట్ల మీదినుంచి తల ఎత్తలేదు.

మరుసటి రోజు మా ఇంటికి వచ్చాడు. రాగిముద్ద, శనక్కాయల చట్నీ పెట్టి, మనసులో ఉన్నదంతా అనేశాను. సిగ్గు లేదా అని కూడా అన్నాను. ముద్ద తుంచి చట్నీలో అద్దుకుంటూ అన్నాడు.

“ఆ పెన్‌డ్రైవులో వాయించినోడు రెండో పద్యం కాడ రాగం చెడగొట్టినాడే. నేను మాత్రం సరిగ్గానే వాయించినా.”

“యెవరికినపడిందన్నా?”

కంచం వైపు చూస్తూ, “మజ్జిగ ఉంటే పొయ్యి” అన్నాడు.

జాతరయ్యాక మా ఇంట్లో దింపిన హార్మోనియం కోసం మళ్లీ ఆయన రాలేదు, మేం పంపలేదు. పోయినవాళ్ల కోసం నాలుగు రోజులు ఏడ్చి పనుల్లో పడతాం. మనిషి ఉండగానే కాలం పక్కకు పెట్టేస్తే, ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న ఆ మనిషి కోసం ఎట్లా ఏడవాలో నాకు ఎవరూ నేర్పలేదు.