బర్రె కింద కూర్చునే కాలు

మా బర్రెకు విమానాలంటే లెక్క లేదు. శంషాబాదులో ఎయిర్‌పోర్టు తెరిచి అప్పటికి మూడేళ్లయింది. కొట్టం మీదుగా అంత పెద్ద విమానం చెవులు పగిలేలా దిగుతున్నా అది తోక కూడా కదిలించకుండా నెమరు వేసుకునేది. దానికి పడనిది ఒక్కటే. నేను కాకుండా ఇంకెవరైనా పొదుగు మీద చెయ్యి వేస్తే ఊరుకోదు.

అది దూడ వేసిన కొత్తలో, చలికాలం, ఒక పొద్దున పాలు పిండి నిండు బకెట్‌తో లేచి వెనక్కి తిరిగాను. ఒళ్లు నడుము దాకా తిరిగింది గాని పాదం తిరగలేదు, కొట్టంలో పరిచిన షాబాదు బండల సందులో ఇరుక్కుంది. మోకాలిలో టక్కుమంది. నేను కింద, బకెట్ నా మీద.

బొక్క విరగలేదు కదా అని ఆముదపాకు వెచ్చజేసి కట్టుకున్నాను. వాపు తగ్గింది. తిన్నగా నడిస్తే బాగానే ఉండేది. పక్కకు తిరిగితే మాత్రం మోకాలు బందు ఊడిన తలుపులా జారేది. మా ఆయన నాలుగు రోజులు చూసి తేల్చేశాడు.

"ఇగ బర్రెను అమ్ముదాం. ప్యాకెట్ పాలు తాగి అందరు బతుకుతలేరా?"

"ఇంట్ల బర్రెను వెట్టుకొని నీళ్ల పాలు కొనాల్నా?"

"మరి కాలో?"

"కాలు నాది, బర్రె నాది. నువ్వు జర ఊకుండు."

నోటితో అన్నాను గాని లోపల గుబులుగానే ఉంది. నేను మూడో తరగతిలో బడి మాని బర్రెల వెంట పోయినదాన్ని. పొలం ఎయిర్‌పోర్టు కింద పోయింది, దాంతో కలుపు తీసే పని పోయింది. నా చేతి పని అంటూ మిగిలింది ఈ బర్రె ఒక్కటే. దాని కింద కూర్చోకపోతే నాకు తెల్లవారినట్టే ఉండదు.

చివరికి పెద్ద దవాఖానకు పోయాం. డాక్టరు కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. గొట్టం లాంటి మిషన్‌లో నన్ను పడుకోబెట్టి ఫోటోలు తీయించి, వాటిని వెలుతురుకు పెట్టి చూశాడు.

"మోకాల్లో రెండు ఎముకల్ని పట్టి ఉంచే తాడు లాంటిది ఒకటి ఉంటుందమ్మా. లిగమెంటు అంటాం. మీకది పూర్తిగా తెగింది. అయినా ఈ వయసులో ఆపరేషన్ లేకుండానే చాలామంది నెట్టుకొస్తారండి. కింద కూర్చోకుండా, గబుక్కున తిరగకుండా ఉంటే సరిపోతుంది."

"కింద కూసోకుంటే పాలెట్ల పిండాలె సార్?"

"స్టూలు వేసుకోండి."

మా ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "అది స్టూలును తంతది సార్. ఈమెను తప్ప దేన్ని చూసినా తంతది."

"అసలు ఎలా కూర్చుంటారో చూపించండి."

చూపించాను. కుచ్చెళ్లు పైకి దోపి, మడమలు లేపి గొంతుక్కూర్చున్నాను. బకెట్ బదులు ఆయన బల్ల కింది చెత్తడబ్బా లాక్కుని మోకాళ్ల మధ్య బిగించాను. మా దగ్గర అంతే, బకెట్ నేల మీద పెట్టామా, బర్రె ఒక్క తన్నుతో బోర్లిస్తుంది. గాలిలో రెండు చేతులూ ఆడించి నాలుగు ధారలు పిండాను. ఇంట్లో లేచినట్టే లేచి, తిరిగినట్టే తిరిగాను. మోకాలు జారింది. చెత్తడబ్బాతో సహా మా ఆయన ఒళ్లో పడ్డాను.

"అర్థమైందమ్మా, చాలు," అన్నాడు డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడి.

"ఆపరేషన్ చేస్తే మళ్ల గిట్ల కూసుంటనా?"

"మాటివ్వలేనండి. జారడం ఆగుతుందనే నా నమ్మకం. పూర్తిగా వంగడమంటే మాత్రం మీరు చేసే కసరత్తును బట్టి ఉంటుంది. ఆరేడు నెలలు ఇలా కూర్చోనే కూడదు."

"కొత్త తాడు యాడ కొనాలె?"

"కొనక్కర్లేదు. మీ తొడ వెనక నుంచే ఓ సన్నటి తీగ తీసి వేస్తాం."

"నా కాలిదే తీసి నా కాలికే కడ్తరా?"

అక్కడ కుదిరింది నాకు ఆయన మీద నమ్మకం. చిరిగిన చీరకు ఆ చీర ముక్కతోనే అతుకు వేసుకునే మనిషిని నేను. ఇంటికి తిరిగొచ్చేసరికి ఒప్పుకోవాలని నిశ్చయించుకున్నాను.

మా ఆయనకు ఇంకో చిక్కు తోచింది. "గన్ని నెల్లు దాన్ని ఎవలు పిండుతరు?"

"నేను పిండుత మామా," అంది కోడలు.

ఇద్దరం తలెత్తి చూశాం. కోడలు పుట్టింది, పెరిగింది కాటేదాన్‌లో, ఫ్యాక్టరీల మధ్యన. పెళ్లయ్యేదాకా ఆమె ఎరిగిన పాలు ప్యాకెట్‌లో వచ్చేవే. ఎయిర్‌పోర్టు లోపల చాయ్ దుకాణంలో పని. అక్కడి అలవాటో ఏమో, ఎవరితోనైనా గొంతు లేవకుండా మాట్లాడుతుంది.

"సరే, దసరా దాంక చూస్త," అన్నాడు మా ఆయన. "అప్పటికి నువ్వు దాని కింద కూసోకపోతె అమ్ముడే. మల్ల నన్ననొద్దు."

ఆపరేషన్ అయింది. తొడ నుంచి పిక్క దాకా పట్టీ, చేతిలో నాలుగు కాళ్ల వాకరు. పెళ్లయ్యాక మొదటిసారి మా ఆయన కాచిన చాయ్ తాగాను. బాగానే ఉంది గాని చక్కెర దండుగ చేశాడు. మొదటి రోజుల్లో బర్రె దగ్గరికి ఎవరూ పోలేదు, పాలన్నీ దూడవే. అది బొద్దుగా తయారైంది.

తర్వాత కోడలు బకెట్ పట్టుకుంది. నేను అరుగు మీద మంచం వేయించుకుని చూస్తున్నాను. దూడను కాసేపు తాగనిచ్చి పక్కన కట్టేసి కూర్చుంది. ఏమంటుందా అని చెవి పెట్టాను.

"జర పాలియ్యమ్మా... ప్లీజ్."

బర్రె తిరిగి ఆమెను చూసింది. పాలు ఎగబట్టింది. ఇంకోసారి బతిమాలితే తన్నింది. మర్నాడు కోడలు నా పాత చీర చుట్టుకుని కూర్చుంది. చీర వాసన చూసి బర్రె కాస్త నెమ్మదించింది గాని చుక్క వదల్లేదు. నాకు అప్పుడు వెలిగింది. నేను దాన్ని తిట్టకుండా ఏనాడూ పిండలేదు.

"తిట్టవే!" అని కేకేశాను.

"ఏమని తిట్టాలె అత్తమ్మా?"

"నోటికొచ్చింది తిట్టు."

"నాకు తిట్లు రావు."

"ఇన్నేండ్లు నా ఇంట్ల ఉండి తిట్లు రావంటే ఎవలన్న నమ్ముతరా?"

కోడలు బకెట్ సర్దుకుని బిగించింది. తర్వాత ఆ మెత్తటి పిల్ల గొంతు కొట్టం కప్పు దాకా లేచింది.

"ఏందే, గట్ల చూస్తవ్? పొద్దెక్కేదాంక పండుకుంటె పనులు ఎవలు చేస్తరే? చాయల గంత చక్కెర ఎందుకు? సబ్బు నీళ్లల్ల వదిలేస్తవా, కరిగిపోదా? ఫ్యాన్ బంద్ చెయ్యి, కరెంటు బిల్లు మీ నాయిన కడ్తడా?"

జుయ్యి, జుయ్యి. ధార బకెట్ అడుగున మోగింది. మా ఆయన గోడ పట్టుకుని, వంగి, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"బర్రెకు ఫ్యానేందే?" అన్నాను గట్టిగానే.

"ఏమో అత్తమ్మా, వరుసల వచ్చింది," అంది లోపలి నుంచి. ధార ఆగలేదు.

నవ్వితే కాలు కదులుతుందని కొంగు నోట్లో కుక్కుకున్నాను. అయినా మంచం ఊగింది.

నా పని నాకుంది. దవాఖానలో కసరత్తు చేయించే పిల్ల, ఆమెదీ కోస్తా మాటే, "మడమను నేల మీద వెనక్కి జరపండి అమ్మమ్మా, ఇంకొంచెం, ఇంకొంచెం," అనేది. ఆ ఇంకొంచెం దగ్గర ప్రాణం పోయేది. ఇంట్లో బండల మధ్య గీతలే నాకు గుర్తులు. మడమ ఒక గీత దాటిన రోజు పండగలా ఉండేది. దాటని రోజు ఇంట్లో అందరికీ తిట్లు. మధ్యలో ఒక నెల కాలు మొండికేసింది, మడమ ఒక్క వేలెడు కూడా వెనక్కి జరగలేదు. బర్రె పోయినట్టే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, కసరత్తు మానలేదు.

ఆ పిల్ల చీలమండకు కట్టుకునే బరువు పట్టీ కొనమంది. ఎందుకు కొంటాను? పాత జాకెట్టు బట్టతో పొడుగు సంచి కుట్టి జొన్నలు పోశాను. కాలికి బలం వచ్చిన కొద్దీ ఇంకో గిద్దెడు పోసేదాన్ని. దవాఖానకు అదే కట్టుకుని పోతే ఆ పిల్ల విప్పి చూసి ఒకటే నవ్వు. "అమ్మమ్మా, కసరత్తు అయిపోయాక ఈ జొన్నలేం చేస్తారు?"

"రొట్టెలు చేస్త. తినవోయేదాన్ని కాళ్లకు కట్టిన్నని లెంపలేసుకొని చేస్త."

వానాకాలం పోతుండగా మోకాలు వదులైంది. ముందు ఎత్తు పీట, తర్వాత చిన్న పీట. చిన్న పీట మీద నుంచి సాయం లేకుండా లేవడం చూశాక డాక్టరు తలూపాడు. "నెమ్మదిగా కూర్చోండమ్మా. లేచాక పాదాలు కూడా తిప్పండి, నడుము ఒక్కటే కాదు."

దసరా ఇంకా రాలేదు. ఒక పొద్దున కోడలికి డ్యూటీ ఉండి చీకటితోనే పోయింది. బకెట్ నేనే తీసుకున్నాను. మా ఆయన చూసి, రెండు చేతులూ ముందుకు చాచి, ఒకరి నెత్తి మీది తొట్టి దింపుకునేవాడిలా నా వెనక నిలబడ్డాడు.

"ఏందా నిలబడుడు? పో అవతలికి."

"పడ్తె ఎవలు పట్టుకుంటరు?"

కుచ్చెళ్లు దోపాను. కిందికి దిగుతుంటే మోకాలు పట్టింది, కొంచెం ఆగాను, మళ్లీ దిగాను. మడమలు లేచాయి. బకెట్ మోకాళ్ల మధ్య కుదురుకుంది. బర్రె ఒకసారి నా వీపు వాసన చూసి, పొదుగు వదిలేసింది. వేళ్ల నిండా వేడి. నురుగు అంచు దాకా వచ్చేవరకు పిండాను. లేచాను. ముందు ఒక పాదం, తర్వాత రెండోది తిప్పాను. కాలు నిలబడింది. మా ఆయన ఇంకా చేతులు చాచుకునే ఉంటే ఆయన చుట్టూ తిరిగి, నిండు బకెట్‌తో ఇంట్లోకి నడిచి పోయాను.

ఆయన చాయ్ కూడా తాగకుండా ఎటో పోయాడు. మధ్యాహ్నానికి రావిర్యాల దిక్కు నుంచి ట్రాలీ నిండా జొన్న చొప్ప వేయించుకుని వాకిట్లో దిగాడు. అది ఏడాది మేత.

"ఇంత ఎందుకు తెచ్చినవ్? ధర అడిగినవా? కింద తడిసిందేమో చూసినవా?"

"మెల్లగ అడుగు. ముందు దించనియ్యి."

డ్యూటీ దిగి వచ్చిన కోడలు యూనిఫాం కూడా మార్చకుండా చొప్ప కట్టలు అందుకుంది. జారిపడిన కట్టలన్నీ నేను ఏరాను. ఒక్కో కట్టకూ కిందికి కూర్చుని లేచాను. వంగి తీసినా అందేవే అవి.