అరుంధతికో చిల్లు

మొన్న ఎండలు ముదరకముందు ఎడారిలో నక్షత్రాలు చూపించే ఓ అబ్జర్వేటరీకి వెళ్లాను. దుర్భిణి ముందు వరుసలో నిలబడి, చలికి తాళలేక సంచిలోని నల్లగుడ్డ తీసి భుజాల మీద కప్పుకున్నానో లేదో, కాలిన దారం వాసన, పాత దుమ్ము వాసన, మా బాపు చొక్కా వాసన ఒక్కసారిగా తగిలాయి.

బాపు, అంటే మా నాన్న, ఫిల్మ్‌నగర్‌లో లైట్‌మన్. రాత్రి సీను ఉందంటే గోడంత నల్ల పరదా పరిచి, మేకు ఎర్రగా కాల్చి చిల్లులు పొడిచి, వెనక బల్బులు వెలిగించి ఆకాశం తయారుచేసేవాడు. మిగతావాళ్లు చుక్కల్ని ఎక్కడ పడితే అక్కడ పొడిచేవారు గానీ, బాపుకి సప్తర్షులు సప్తర్షుల్లాగే ఉండాలి. వశిష్ఠుడి పక్కన సన్నటి చిల్లు చూసి కెమెరామన్ ఓసారి విసుక్కున్నాడట.

"అంత చిన్నది కెమెరాకి కనపడదయ్యా, మూసెయ్."

"అరుంధతి లేకుంట వశిష్ఠుడొక్కడు ఎట్లుంటడు సార్?" అన్నాడట బాపు.

నిజానికి ఆ చిల్లు అమ్మ కోసం. పెళ్లినాడు మిట్టమధ్యాహ్నం అయ్యగారు పైకి చూపించి "అరుంధతి కనిపించిందా?" అంటే, పక్కనున్న ఆడవాళ్లు గిల్లితే, ఏమీ కనబడకపోయినా అమ్మ "ఆ" అందట. పెళ్లికూతుళ్లంతా అనే మాటే అది. అమ్మ ఒక్కతే మనసులో పెట్టుకుంది. బాపుకి జ్వరమొచ్చినా సరే, అది తన పాపమేనని, "అగ్గి ముందర నేను అబద్ధమాడిన, బిడ్డా" అని నాతో చెప్పి కుమిలిపోయేది. పొద్దుగూకగానే డాబా ఎక్కి వెతికేది. పైన జూబ్లీహిల్స్ బంగళాల దీపాల వెలుగు తప్ప ఏముంది, పిచ్చి తల్లి!

దసరాకి ఆయుధపూజ నాడు మాత్రం ఇంటివాళ్లని స్టూడియోలోకి రానిచ్చేవారు. లైట్లన్నిటికీ కుంకుమ బొట్లు, పగిలిన గుమ్మడికాయ పచ్చి వాసన, కాగితం పొట్లాల్లో వేడివేడి బూందీ. ఓ ఏడు బాపు అమ్మని పరదా ముందు నిలబెట్టి స్విచ్ వేశాడు. అమ్మ ఆ సన్న చుక్క మీద వేలు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను నోట్లో బూందీతోనే అన్నాను.

"ఏడ్వకే అమ్మా. పెద్దయినంక నిజందే చూపిస్త."

"ఒట్టా?"

"ఒట్టు."

పెద్దయ్యాను. ఉద్యోగం, సెలవులు లేవు, వచ్చే ఏడు పోదాం, ఆ పై ఏడు పోదాం. బాపు పోయాడు. అమ్మ పోయి ఏడాది. స్టూడియోల్లో చిల్లుల పరదాలూ లేవు, ఆకాశం కంప్యూటర్లోంచే వస్తోంది. బాపు పరదాలోంచి కోసి అమ్మకిచ్చిన, ఇప్పుడు నా భుజాల మీదున్న ఈ సప్తర్షుల ముక్కే మిగిలింది. నా మీద నాకే అసహ్యమేసింది.

నా వంతు వచ్చింది. వశిష్ఠుడి మీదికి తిప్పి ఉన్న దుర్భిణికి కన్ను ఆనించాను. కళ్లనిండా నీళ్లు, వెలుగంతా అలుక్కుపోయింది.

"రెండోది, పక్కనున్న చిన్నది, కనిపించిందా?" హిందీలో అడిగింది దుర్భిణి దగ్గరి అమ్మాయి. వెనక జనం తొందరపెడుతున్నారు.

"ఆ," అన్నాను.