ఫొటో లేని డాక్టర్

పాసిర్ రిస్‌లో సముద్రం వైపున్న తాత్కాలిక కోవిడ్ వార్డు దగ్గర మా లారీ ఆగేసరికి ఉదయం ఏడు. అప్పటికే చొక్కా వీపుకి అంటుకుపోయింది. నేను ఆర్మీలో మెడిక్‌ని. నిలువెల్లా కప్పే సూటు, గాగుల్స్, రెండు జతల గ్లవ్స్ ఇచ్చారు. ముసుగులో ఉన్నదెవరో రోగులకి తెలియాలని, ఛాతీ మీద అతికించుకోమని ఎవరి ఫొటో వాళ్లకిచ్చారు.

మా వార్డు డాక్టర్ ఘనా దేశస్థుడు, నల్లజాతి మనిషి. ఆయనా అతికించుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం మా వార్డు రోగి, రాజమండ్రి నుంచి వచ్చిన అంకుల్‌కి ఆయాసం ఎక్కువైంది. డాక్టర్ వంగగానే అంకుల్ ఫొటో చూసి ఆయన చెయ్యి తోసేశాడు.

"ఆ నల్లోణ్ణి నన్ను ముట్టుకోనివ్వకు బాబూ. వేరే డాక్టర్ని పిలు."

అంకుల్ రంగు కూడా ఏం వెన్నముద్ద కాదు. మా వంశం సంగతి సరే సరి, నాలుగు తరాల కిందట ఈ దేశం వచ్చి ఇక్కడి ఎండలో మాడిన తెలుగువాళ్లం. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆక్సిజన్ ఎనభై తొమ్మిదికి దిగింది. రేడియోలో మా కెప్టెన్‌ని పిలిచాను.

"సర్, పేషెంటు డాక్టర్ని ముట్టుకోనివ్వట్లేదు."

"ఎందుకు?"

"ఫొటో చూసి, సర్."

"అయితే ఫొటో తీసెయ్యమను. టైం లేదు."

"తియ్యకండి డాక్టర్," ఇంగ్లీషులో అన్నాను.

"ఇతను పోతే అందరూ తప్పు ఈ మొహం మీదే వేస్తారు," అన్నాడాయన. తెర చాటుకి వెళ్లి ఫొటో పీకేసి, అటువైపు నుంచి మళ్లీ వచ్చాడు. వేరే డాక్టర్ వచ్చాడనుకుని అంకుల్ చెయ్యి చాపాడు.

"మీదే భారం డాక్టర్ గారూ."

ఆ తర్వాత ఆయన ఫొటో పెట్టుకోలేదు. వార్డంతా ఫొటో లేని డాక్టర్ అనేవాళ్లు. ఆయన అంకుల్ మంచం దగ్గరికి వెళ్లినప్పుడల్లా నా కళ్లు ఆయన గాగుల్స్ మీదే ఉండేవి. అవి జారితే? అంకుల్ మందు వద్దని మొండికేస్తే? పోయేది అంకుల్ ప్రాణం, నింద మోసేది డాక్టర్.

అంకుల్ కోలుకున్నాడు. మా డ్యూటీ ముగిసింది. బూన్ లేలోని మా ఇంటికొచ్చాక మా ఆవిడ భయమేసిందా అని అడిగింది. తను అడిగింది వైరస్ గురించి. వేసిందన్నాను. డిశ్చార్జి రోజు గేటు దగ్గర చూసింది మాత్రం చెప్పలేకపోయాను. ఇప్పటికీ అది కళ్లముందు నుంచి పోదు.

అంకుల్ చేతులు జోడించి నిలబడ్డాడు. "ఆ ఫొటో లేని డాక్టర్ గారేరి బాబూ? దణ్ణం పెట్టుకుని పోతాను."

"మీ ముందే ఉన్నారంకుల్."

సూటు విప్పేసి, మామూలు మాస్కుతో, డాక్టర్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అంకుల్ ఆయన్ని చూశాడు. మెడ సాచి, ఆయన భుజం మీదుగా వెనక్కి వెతికాడు. తెలుగు రాని డాక్టర్ తనూ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, అంకుల్‌కి అడ్డం తప్పుకున్నాడు.