పెనం పక్కన ఫ్యాను

ప్రొద్దుటూరులో ఒక హోటల్లో అంకమ్మత్త పన్నెండేళ్లుగా ఎర్రకారం దోసెలు పోస్తోంది. పక్కనే ఉల్లిగడ్డలు తరిగేది నేను. పొయ్యి మీద పొగ లాగే చిమ్నీ పెట్టించినా కారం ఘాటు ఆమెను వదల్లేదు. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. ఓనరు వింటే పని మాన్పిస్తాడని ఆమె భయం.

ఉక్కకు ఓర్వలేక ఆమె పెట్టుకున్న ఫ్యాను గాలే పొగను చిమ్నీకి అందకుండా ఆమె ముఖం మీదికి తోస్తోందని నాలుగు రోజుల కిందటే గమనించాను. పెద్దామెకు చెప్పడానికి నోరు రాలేదు.

నిన్న దగ్గుతూ దగ్గుతూ పెనం ముందే కూలబడింది. ఊపిరి అందక పెదాలు నల్లబడ్డాయి. ఫ్యాను ఆపేశాను. పొగ నిటారుగా లేచి చిమ్నీలోకి పోయింది. కాసేపటికి ఆమె లేచి కూర్చుంది.

అప్పుడే ఓనరు హరికృష్ణ వచ్చాడు. “ఫ్యాను ఎవురాపినారు?”

నేను తల వంచుకుని ఇంకో ఉల్లిగడ్డ అందుకున్నాను.

“నేనే అప్పా, సలి పెడతాంటే,” అంది అంకమ్మత్త. బయట మే నెల ఎండ. ఆయన వింతగా చూసి వెళ్లిపోయాడు.

“ఇంక ఫ్యాను వద్దత్తా. పొగను నీ మీదికే తోస్తాంది,” అన్నాను.

“ఈ మాట ముందే చెప్పేదానికేమే, మూగదానా?”

ఆమె మళ్లీ పెనం ముందు నిలబడింది. నేను తరగడం ఆపి, ఆమె తీసే ప్రతి ఊపిరినీ వింటూ ఉన్నాను.